తీరికలేనివారి రచన

వ్రాయుటకు ముందుగా తీరిక కావలెననియు, ఏకాంతమైన గది కావలెననియు హితవు చెప్పు పుస్తకములు ఇంగ్లీషు చదువుతోపాటు మన యిండ్లకు వచ్చినవి. వానిలో మంచి మాటలు లేకపోలేదు. కాని ఆ హితవు మా జైపూరు ప్రాంతమున చెల్లదు. ఇచట సింగరేణివారి 1200 మెగావాట్ల విద్యుత్కేంద్రము 2016 నుండి పనిచేయుచున్నది. గోదావరి కావలి యొడ్డున గోదావరిఖని బాయిలు. వారము వారము షిఫ్టు మారు నింటిలో 'ప్రతిదినము ప్రాతఃకాలమున వ్రాయుడు' అనుట పరిహాసమువలె వినబడును.

అయినను ఈ నేలనుండి కథలు రాకపోలేదు. 'నల్లవజ్రం' నవల వ్రాసిన తుమ్మేటి రఘోత్తమరెడ్డిగారు సింగరేణిలో పనిచేసినవారే. మా యొద్దకు వ్రాతప్రతులు తెచ్చు యువకులకు ముందుగా దానిని చదువుడని చెప్పుచుందుము.

ఆ వ్రాతప్రతులలో మాకు తరచు కనబడు లోపమొకటి గలదు. సమ్మె యున్నది, శోకమున్నది, పని మాత్రము లేదు. తండ్రి ముప్పదియేండ్లు బాయిలో దిగియుండగా కుమారుని కథలో అది 'అంధకారబంధురమైన గుహ'యే! తట్ట, చెమ్మస్, టబ్బు అను మాటలు వ్రాయుటకు సిగ్గు. సంస్కృతము బోధించి బ్రతుకు మేమే ఆ సమాసమును కొట్టివేయవలసి వచ్చుచున్నది. అనుభవముగల పనివాడు బాయి కప్పును తట్టి చెవియొగ్గి వినును. గట్టిగా మ్రోగిన ముందుకు సాగును, గుల్లగా మ్రోగిన వెనుకకు జరిగి అచట కర్ర నిలుపును. ఇంతమాత్రము ఉన్నదున్నట్లు వ్రాసిన చదువరి ఊపిరి బిగబట్టడా? యంత్రములు వచ్చి తట్టతో బొగ్గు నింపు పని తగ్గిపోయినది; ఓపెన్‌కాస్టు గనులు పెరిగినవి. ఆ పని చేసినవారు వృద్ధులైరి. వారినడిగి వ్రాసికొనుటకు మిగిలిన యేండ్లు కొలదియే.

ఇక తీరిక మాట. షిఫ్టు దిగివచ్చినవాడు నిద్రపోవలెను. నిద్ర మాని వ్రాసినది నిద్రమత్తుగానే యుండును. ఆనాడు విన్న యొక మాట, చూచిన యొక చేష్ట రెండు పంక్తులుగా చీటిమీదనో సెల్‌ఫోనులోనో వ్రాసికొన్న చాలును. సెలవునాడు వానిని ముందు వేసికొని కూర్చున్నవానిని తెల్లకాగితము భయపెట్టదు. ముగించినదానిని ఇంటిలోని పెద్దలకు పైకి చదివి వినిపింపవలెను. వారు ఆవులించినచోట వాక్యము గుల్ల.

అచ్చునకు తొందర వలదు. గురజాడవారు 1897లో అచ్చయిన 'కన్యాశుల్కము'ను చాలవరకు తిరుగవ్రాసి 1909లో మరల ప్రకటించిరి. మనము నేడు చదువునది ఆ రెండవదే. తిరిగివచ్చిన వ్రాతప్రతిని చూచి 'మా ప్రాంతమువారిని ఎవరు గణింతురు' అని నిట్టూర్చువారు 1934ను తలచికొనవలెను. తెలంగాణమున కవులు లేరన్న మాటకు సురవరము ప్రతాపరెడ్డిగారు వాదముతో సరిపెట్టక, 354 మంది కవులను 'గోలకొండ కవుల సంచిక'లో అచ్చువేసి చూపిరి.

క్వార్టరులోని గృహిణి సంగతి వేరు. భర్త షిఫ్టుతో ఆమె వంటవేళయు, నిద్రయు మారును. ఆమెకు సెలవునాడనునది లేదు. ఆమె వ్రాయదలచిన, వారమునకు రెండుపూటలైన వంటపని ఇంటిలోని మగవారు పైనవేసికొనవలెను. ఇది సాహిత్యవిమర్శయా యని కొందరడుగుదురు. మాకు చేరిన మంచి వ్రాతప్రతులలో కొన్నింటిపై చారు మరకలున్నవి.