రైలుబడి: మంచితనానికి ఒక ఏర్పాటు

టెత్సుకో కురొయనాగి రాసి, జపానులో 1981లో వెలువడిన 'తొత్తోచాన్' మనకు తెలుగులో 'రైలుబడి'గా అందింది. చదివినవాళ్ళంతా హెడ్మాస్టరు కొబయాషి గారి మంచితనాన్ని మెచ్చుకుంటారు. మొదటిరోజే ఒక చిన్నపిల్ల మాటలు నాలుగు గంటలు విన్న మనిషి గదా! మెచ్చుకోవలసిందే. కాని అక్కడితో ఆగితే పుస్తకం సగమే చదివినట్లు.

కొబయాషి తన దయను వస్తువుల్లో, ఏర్పాట్లలో పెట్టాడు. 1937లో టోక్యోలో ఆయన ప్రారంభించిన తొమోయె బడిలో తరగతి గదులు పాత రైలుపెట్టెలు. గేటు స్తంభాలు వేళ్ళూ కొమ్మలూ ఉన్న చెట్లు. ఎవరికి ఇష్టమైన చోట వారు కూర్చోవచ్చు. ఎక్కడానికి తలకొక చెట్టు. మధ్యాహ్నం డబ్బాలో సముద్రంలోది కొంత, కొండమీదిది కొంత ఉండాలి. తల్లులను కంగారుపెట్టకుండా చెప్పిన ఆరోగ్యసూత్రమిది. ఏదైనా తక్కువైతే హెడ్మాస్టరు గారి భార్య తన గిన్నెలోంచి వడ్డించేది.

అన్నిటికన్నా ఆటలపోటీల అధ్యాయం గొప్పది. కాళ్ళూ చేతులూ పొట్టిగా ఉండి ఎదుగుదల లేని తకహాషి అన్ని పందాలూ గెలుస్తాడు. జాలిపడి ఎవరూ ఓడిపోలేదు. ఆ ఒంటికి అనువైన పందాలనే హెడ్మాస్టరు కల్పించాడు. అయితే పోలియో వచ్చిన యసుఆకి చెట్టెక్కడానికి తొత్తోచానే నిచ్చెన ఈడ్చుకు రావలసివచ్చింది. ఏర్పాటు ఆగినచోట స్నేహం అందుకుంది.

ఒక లోటు చెప్పాలి. కథలో బడి జమాఖర్చులు కనబడవు. చిన్నపిల్ల కళ్ళతో చెప్పిన కథ గనుక రచయిత్రిని తప్పుపట్టలేం. కాని అందువల్లనే పాఠకుడు "అలాంటి మహానుభావుడు దొరకాలి గదా" అనుకుని పుస్తకం మూసేస్తాడు. ఆ బడి 1945లో విమానదాడుల్లో కాలిపోయింది. 1963లో కొబయాషి పోయాడు. చెట్టు నాటడానికి, నిచ్చెన వేయడానికి, పందాలు మార్చడానికి మాత్రం మహానుభావుడే రానక్కరలేదు.

బ్యాంకులో బడి భవనాల అప్పు కాగితాలు చాలా చూశాను. గదులు, చదరపు అడుగులు, వాయిదాలు అన్నీ ఉంటాయి. నీడ ఎక్కడ, కుళాయి ఆరేళ్ళ పిల్లకు అందుతుందా అన్న వరుస ఉండదు. హోసూరులోనైనా బళ్ళారిలోనైనా తెలుగు బడి నిలవాలని సభల్లో పుస్తకాలు, టీచర్లు అడుగుతాం. పిల్లవాడు పరుగెత్తుకొచ్చే చోటునూ అడగాలి. ఒళ్ళు నిలవని బడిలో భాష నిలవదు.

ఈ పుస్తకాన్ని పిల్లలకు బహుమతిగా ఇచ్చే ముందు బడి కమిటీవారు ఒకసారి చదివితే మేలు.