పీర్ల చావిడిలో ఇస్లాం లేదా?

పీర్ల పండుగ మాట వస్తే మనం ఇష్టంగా అనే వాక్యం ఒకటుంది: "హిందువులూ చేస్తారు, ఇది మతాతీతమైన పండుగ." మంచి మనసుతోనే అంటాం. కానీ మతాతీతం అన్నామంటే, ఇది ఇస్లాం కాదని కూడా అనేసినట్టే. పీర్లెత్తడం ఇస్లాంలో లేదని వాదించే సంస్కరణవాది చెప్పేదీ అదే కదా! మనం మెచ్చుకుంటూ, ఆయన మందలిస్తూ ఒకే చోటికి చేరుతున్నాం: అసలు ఇస్లాం ఎక్కడో అరబ్బీ గ్రంథాల్లో ఉంది, మన ఊళ్లో ఉన్నది ఏదో కలగాపులగం.

ఈ నమ్మకాన్ని గట్టిగా కదిపే పుస్తకం అఫ్సర్ మహమ్మద్ రాసిన 'ద ఫెస్టివల్ ఆఫ్ పీర్స్' (ఆక్స్‌ఫర్డ్, 2013). తెలుగు పాఠకులకి అఫ్సర్ ముందుగా కవి. ఇక్కడ పరిశోధకుడిగా అనంతపురం జిల్లా గూగూడుకి, కుళ్లాయప్ప మొహర్రానికి వెళ్తాడు. 680లో కర్బలాలో హుసేన్ అమరుడైన కథ ఆ ఊళ్లో రాముడి కథ పక్కన వచ్చి నిలబడుతుంది. చక్కెర చదివింపులు, అగ్నిగుండం, మొక్కుకున్నవాళ్లు కొన్నాళ్లు నియమంగా పాటించే ఫకీరీ... వీటిని జానపద వింతల్లా చూపించకుండా, భక్తుల మాటల్లోంచే అర్థం వెతకడం ఈ పుస్తకం బలం. ఇదంతా 'అస్లీ ఇస్లాం' కాదనే వాదనకీ అందులో చోటుంది.

ఆ వాదనని ఎలా చదవాలన్నదే అసలు ప్రశ్న. మానవశాస్త్రవేత్త తలాల్ అసద్ 1986లో రాసిన ఒక వ్యాసం ఇక్కడ పనికొస్తుంది. ఇస్లాంని అర్థం చేసుకోవాలంటే ముస్లింలు మొదలుపెట్టే చోటే, అంటే ఖురాన్, హదీసులతో ముడిపడిన వాదసంప్రదాయం దగ్గరే మొదలుపెట్టాలంటాడు ఆయన. ఏది సరైన ఆచరణ అన్న తగాదా సంప్రదాయానికి బయటిది కాదు, అందులో భాగమే. అలాగని అసద్‌ని అడ్డం పెట్టుకుని "ఏదైనా ఇస్లామే" అనలేం. సంస్కరణవాది ప్రశ్న కూడా నిజమైన ప్రశ్నే. పీర్లెత్తేవాళ్లు దానికి జవాబు చెప్పుకోవాల్సిందే, చెప్పుకుంటూనే ఉన్నారు కూడా.

అందుకే నా పేచీ పుస్తకం ఉపశీర్షికతో. అక్కడున్న 'పాపులర్ ఇస్లాం' అన్న మాట, లోపలి పేజీలు చెరిపేసిన గీతనే మళ్లీ అట్టమీద గీస్తోంది. మసీదులో నమాజుకి లేని విశేషణం చావిడిలో ఫాతెహాకి ఎందుకు?

ఇది పేర్ల గొడవే అనుకుంటే పొరపాటు. పీరుని భుజాన మోసే ముస్లింని "మీది మతం కాదు, సంస్కృతి" అని మెచ్చుకుంటే, అతని మతం ఏదో తేల్చే హక్కు మనం తీసేసుకున్నట్టే. ఈ రోజుల్లో ఆ హక్కు కావాలనేవాళ్లు చాలామందే ఉన్నారు. మెచ్చుకునే మనం కూడా వాళ్లలో చేరకుండా ఉండడానికి ఈ పుస్తకం చదవాలి.