మజ్జిగ వచ్చిందంటే తావు దొరికినట్టే

పండగనాడు గుడి ఊళ్లో వేళకింత అన్నం దొరికించుకోవడం ఒక విద్య. కర్నూలు, కడప వైపు పుట్టి పెరిగినవాళ్లకు అది కొంత పెద్దవాళ్ల వెంట తిరిగితే వస్తుంది, కొంత కడుపు కాలితే వస్తుంది. మా వైపు పేరున్న క్షేత్రాలేవీ పెద్ద పట్నాలు కావు. నల్లమల నడుమ శ్రీశైలం, అహోబిలం, ఆ అడవి వారన మహానంది, ఎర్రమలల్లో యాగంటి, తుంగభద్ర ఒడ్డున మంత్రాలయం, కడప నుంచి తిరుపతికి పోయే దారిలో ఒంటిమిట్ట. మామూలు రోజుల్లో ఈగలు తోలుకునే హోటళ్ల మీదికి తిరునాళ్లనాడు వేల మంది ఒక్కసారిగా వచ్చి పడతారు. పొయ్యిలూ అవే, వడ్డించే చేతులూ అవే. ముందుగా ఫోను చేసి బల్ల పెట్టించుకునే ఆచారం అక్కడ లేదు. అయినా అడిగే తీరు, వెళ్లే వేళ తెలిసినవాళ్లు ఆకలితో తిరిగి రావడం నేను చూడలేదు.

అమెరికాలో స్థిరపడిన మనవాళ్లు క్రిస్మస్ సెలవులకు పిల్లలను ఆర్లాండోలోని డిస్నీ వరల్డ్‌కు తీసుకుపోతారు. అక్కడ హోటల్లో కూర్చుని తినాలంటే 60 రోజుల ముందే బల్ల బుక్ చేసుకోవచ్చు. పేరున్న చోట్లు ఆ మొదటి పొద్దులోనే అయిపోతాయి. చెప్పి రాకపోతే చాలా హోటళ్లలో తలకు 10 డాలర్లు వసూలు చేస్తారు. బుక్ చేసుకోనివాళ్లకు ఒక దారి ఉంది. హోటల్ దగ్గరికి వచ్చాక ఫోన్‌లోని ఆప్‌లో పేరు రాయించుకుంటే, బల్ల ఖాళీ అయినప్పుడు కబురు వస్తుంది. మధ్యాహ్నం మూడింటికి పోవాలి, ఇద్దరిద్దరుగా పోవాలి, చివరి నిమిషంలో వదులుకున్న బల్లల కోసం కనిపెట్టుకుని ఉండాలి అని అక్కడివాళ్లు ఒకరికొకరు చెప్పుకుంటారు. ఇవన్నీ శ్రీశైలం యాత్రకు మూటగట్టుకుని బయల్దేరే మా ముసలమ్మలకు ఎప్పటినుంచో తెలిసిన సంగతులే.

ముందు బంతి సంగతి. సత్రాల్లోనూ, మఠాల్లోనూ, దేవస్థానాల అన్నదానంలోనూ భోజనం బంతులుగా సాగుతుంది. ఒక హాలు నిండుతుంది, తలుపు వేస్తారు, ఆకులు పరుస్తారు, అందరికీ ఒకేసారి వడ్డిస్తారు, అందరూ ఇంచుమించు ఒకేసారి లేస్తారు. శుభ్రం చేస్తారు, మళ్లీ తలుపు తీస్తారు. బయట నిలబడ్డవాడికి ఈ వరస తెలిస్తే సగం పని అయినట్టే. లోపల పప్పు వడ్డిస్తుంటే తలుపు దగ్గర తోసుకోవడం దండగ, చెట్టు నీడన కూర్చోవచ్చు. చారు వస్తోందంటే లేచి నిలబడాలి. మజ్జిగ బకెట్టు కనబడిందంటే పిల్లల చెయ్యి పట్టుకుని తలుపు వైపు కదలాలి. మా ఇంట్లో పెద్దవాళ్లు కిటికీలోంచి తొంగిచూసి "చారు పోస్తాండారు, లేయండి" అనేవాళ్లు. గడియారం చూసిన గుర్తు నాకు లేదు.

ఈ పద్ధతికి అతిపెద్ద రూపం తిరుమలలో ఉంది. అది కూడా రాయలసీమ గడ్డే. 1985లో ఎన్టీ రామారావు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు అక్కడ నిత్యాన్నదానం మొదలైంది. ఇప్పుడు తరిగొండ వెంగమాంబ పేరు పెట్టిన అన్నప్రసాద కేంద్రంలో వెయ్యి మందికి ఒకటి చొప్పున నాలుగు హాళ్లు, అంటే ఒకేసారి 4,000 మంది కూర్చోవచ్చు. ఒక హాలు తింటుంటే ఇంకొకటి నిండుతుంది, మరొకటి శుభ్రమవుతుంది. బయట ఎంత జనం ఉన్నా వరస కదులుతూనే ఉంటుంది. కదిలే వరసలో నిలబడ్డ మనిషికి కోపం రాదు. పండగల్లో గొడవలన్నీ కదలని వరసల దగ్గరే మొదలవుతాయి.

ఎన్నో బంతిలో కూర్చోవాలన్న దాని మీద మా ఇళ్లలో వాదులాటలు జరుగుతాయి. నా ఓటు రెండో బంతికి. మొదటి బంతిలో ఆకు ముందు చాలాసేపు కూర్చోవాలి. పెద్దలు రావాలి, నైవేద్యం కావాలి, గోవింద కొట్టాలి. రెండో బంతికి అన్నం వేడిగా దిగుతుంది, వడ్డించేవాళ్ల చేతులు దారిన పడి ఉంటాయి. చివరి బంతులకు కూర పలచబడుతుంది, ఊరగాయ అడుగంటుతుంది. వడ్డించేవాళ్లకు తమ ఆకలి గుర్తొస్తుంది.

హోటళ్ల లెక్క వేరు. అక్కడ ఒక్కో బల్ల ఒక్కోసారి లేస్తుంది, కాబట్టి చూపు తలుపు మీద ఉండకూడదు, బల్లల మీద ఉండాలి. ఎవరు పెరుగు కలుపుకుంటున్నారు, ఎవరు ఇంకా పప్పు దగ్గరే ఉన్నారు, ఏ పిల్లవాడు చేతులు కడగడానికి లేచాడు, ఇవన్నీ గమనించాలి. గమనించి అడగవలసింది మాత్రం తినేవాళ్లను కాదు, వడ్డించే అతన్ని. "అన్నా, ఆరుగురం ఉండాం, ముగ్గురు ముగ్గురుగా అయినా సరే" అంటే అతను ఒకసారి హాలంతా కలయజూస్తాడు. "రొంతసేపు ఆగండన్నా, ఆ మూల లేచ్చాండారు" అంటాడు. ఆ మాట ఇచ్చాక అతను ఆ బల్ల ఇంకొకరికి ఇవ్వడు. పండగనాడు హోటల్లో అధికారం గల్లాపెట్టె దగ్గర కూర్చున్న యజమానిది అనుకుంటారు గానీ, ఏ బల్ల ఎప్పుడు లేస్తుందో తెలిసింది తడిగుడ్డ చేతిలో ఉన్నవాడికే. అతన్ని గదమాయించినవాళ్లకు ఎప్పుడూ ఆలస్యంగానే తావు దొరుకుతుంది. అది న్యాయమేనని నా నమ్మకం.

గుంపుగా వచ్చినవాళ్లు విడిపోవడానికి ఒప్పుకోరు. పది మంది ఒకే చోట కూర్చోవాలని పట్టుబడితే పది కుర్చీలు ఒకేసారి ఖాళీ కావాలి, తిరునాళ్లలో అది జరగదు. ఇద్దరికి ఎప్పుడైనా దొరుకుతుంది, ఒక్కడికి వెంటనే దొరుకుతుంది. ముసలివాళ్లను, చంటిపిల్లలతో ఉన్నవాళ్లను ముందు కూర్చోబెట్టి మిగిలినవాళ్లు తర్వాత తింటే అందరి కడుపూ నిండుతుంది.

కుర్చీ వెనక నిలబడే అలవాటు గురించి ఇక్కడే చెప్పాలి. పెళ్లిళ్లలో, తిరునాళ్లలో తినే మనిషి వెనకే నిలబడి, కుర్చీ వీపు మీద చెయ్యి వేసి, అతని ఆకులోకి చూస్తూ ఉండేవాళ్లను అందరూ ఎరుగుదురు. తినేవాడికి ముద్ద దిగదు. మా ప్రాంతంలో అన్నానికి ఉన్న మర్యాదకు ఇది బొత్తిగా తగదు. నాలుగడుగులు దూరంగా నిలబడినా ఆ కుర్చీ ఎక్కడికీ పోదు.

వేళ తర్వాత చూసుకోవలసింది తిథి. మా వైపు రద్దీ పంచాంగాన్ని బట్టి నడుస్తుంది. కార్తీక సోమవారం మహానందిలో మధ్యాహ్నం హోటళ్లు పల్చగా ఉంటాయి, చాలామంది ఉపవాసం. నక్షత్రం కనబడ్డాక మాత్రం ఇడ్లీ ప్లేటు కోసం కూడా నిలబడాలి. శ్రీశైలంలో శివరాత్రినాడు జాగారం, ఉపవాసం. తిండి దగ్గర అసలు తొక్కిడి మర్నాడు పొద్దున. మధ్వ సంప్రదాయంలో ఏకాదశినాడు అన్నం ముట్టరు, అందువల్ల ఆ రోజు మంత్రాలయం వెళ్లేవాళ్లు మఠం భోజనాన్ని నమ్ముకోకూడదు. గురువారాలు అక్కడ ఎప్పుడూ రద్దీయే. శ్రావణ బహుళంలో రాఘవేంద్రస్వామి ఆరాధన రోజుల్లో కర్ణాటక నుంచి వచ్చే జనంతో ఊరు ఊరంతా నిండిపోతుంది. ఒంటిమిట్టలో కోదండరాముడి కల్యాణం రాత్రిపూట జరుగుతుంది కాబట్టి అక్కడ సాయంత్రం ఐదింటికే తినేయడం తెలివి. రంజాన్ నెలలో కడప, కర్నూలు పాతబస్తీల్లో పగలు హోటళ్లు ప్రశాంతంగా ఉంటాయి, పొద్దు గుంకాక కాలు పెట్టే సందు ఉండదు.

ఘాట్ రోడ్ల లెక్క కూడా ఇందులోదే. శ్రీశైలం అడవి దారిలో మామూలుగా రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా గేట్లు వేస్తారు. పొద్దున గేటు తీయగానే కార్లన్నీ బారుగా బయల్దేరి ఒకే సమయానికి కొండమీద టిఫిను సెంటర్ల ముందు ఆగుతాయి. దోర్నాలలోనే తిని ఎక్కేవాళ్లకు ఆ బాధ లేదు. దారి హోటల్ ముందు ఆర్టీసీ బస్సు ఆగి ఉందంటే యాభై మంది లోపల ఉన్నారని అర్థం. పావుగంట ఓపిక పట్టి, బస్సు హారన్ కొట్టాక లోపలికి పోతే హాలంతా మీదే.

ఇవి ఉపాయాల సంగతులు. వీటి వెనక ఇంకొకటి ఉంది. ఈ నేల మీద చెప్పకుండా వచ్చినవాడికి అన్నం పెట్టడమన్నది కరవుల్లోంచి పుట్టింది. 1866 కరవులో ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి తన గాదెలు తెరిచి వచ్చినవాళ్లందరికీ గంజి పోయించాడు. విక్టోరియా రాణి పేరిట ఆయనకు బంగారు పతకం ఇచ్చారు. పదేళ్లకే 1876-78 నాటి ధాత కరవు వచ్చి కర్నూలు, బళ్లారి, కడప జిల్లాలను ఊడ్చేసింది. ఆ తర్వాతి తరాల ఇళ్లలో, వేళ కాని వేళ గుమ్మంలోకి వచ్చిన మనిషిని తిన్నావా అని అడగకుండా పంపడం తప్పుగా నిలిచిపోయింది.

అవధూత కాశిరెడ్డి నాయన ఆ మాటనే నియమంగా చేశాడు. నెల్లూరు వైపు పుట్టి, నల్లమల అంచుల్లో తిరిగి, పాడుబడ్డ గుళ్లు బాగు చేయించి, ప్రతిచోటా ఒక పొయ్యి వెలిగించాడు. 1995లో కడప జిల్లా జ్యోతి క్షేత్రంలో సమాధి అయ్యాడు. ఇప్పుడు ఆ మండలానికే ఆయన పేరు. యాగంటిలో, అహోబిలంలో, శ్రీశైలంలో, ఇంకా ఎన్నో చోట్ల ఆయన పేరుతో నడిచే ఆశ్రమాల్లో వచ్చినవాళ్లకు అన్నం పెడతారు. మీ ఊరేది, కులమేది, ఎంతమంది అన్న ప్రశ్న లేదు, రసీదు లేదు. రైతులు పంట ఇంటికి రాగానే వడ్లో, బేడలో, కూరగాయలో తెచ్చి వేస్తారు. ఆ గింజలే ఉడుకుతాయి. ఎగువ అహోబిలం ఎక్కి దిగి, మోకాళ్లు పట్టేసి, వేళ దాటాక చేరినా ఇంత అన్నం, ఇంత చారు అక్కడ ఉంటాయి. తలకు డబ్బు కట్టి ముందే పేరు రాయించుకున్న బల్ల దగ్గర నాకు అంత ధీమా ఎప్పుడూ కలగలేదు. శ్రీశైలంలో కులాలవారీ సత్రాలు చాలా ఉన్నాయి, వాటి సేవా పెద్దదే. కానీ తిరునాళ్లనాడు కొత్తవాడు తనది ఏ సత్రమో వెతుక్కుంటూ తిరగడం కన్నా, అడగని పొయ్యి దగ్గరికి పోవడమే మేలు.

ఉగాదికి ముందు ఆత్మకూరు, వెంకటాపురం, నాగలూటి మీదుగా అడవిలో నడిచి శ్రీశైలం చేరే కన్నడ భక్తులను చూడాలి. భ్రమరాంబను వాళ్లు తమ ఇంటి ఆడపడుచుగా చూసుకుంటారు. ఎండ నడినెత్తిన ఉంటుంది, కాళ్లకు బొబ్బలు. దారి పొడుగునా మనవాళ్లూ, వాళ్ల ఊళ్ల నుంచి వచ్చినవాళ్లూ పందిళ్లు వేసి జొన్నరొట్టెలు, అన్నం, మజ్జిగ, నీళ్లు ఇస్తారు. రొట్టె చేతికి అందుకుని నడుస్తూనే తింటారు. బల్లలు లేనిచోట బల్ల కోసం ఎదురుచూపూ లేదు.

సమస్య ఉన్నది కొత్తగా పేరు తెచ్చుకున్న చోట్ల. గండికోటకు ఇప్పుడు సంక్రాంతి సెలవుల్లో, సంవత్సరాంతంలో హైదరాబాదు, బెంగళూరుల నుంచి బారులు తీరి కార్లు వస్తున్నాయి. పెన్న లోయ అంచున నిలబడి సూర్యోదయం చూసినవాళ్లందరికీ ఒకేసారి ఆకలేస్తుంది. కోట దగ్గర తినే తావులు బహుతక్కువ, జమ్మలమడుగు 15 కిలోమీటర్లు. బేలం గుహల దగ్గరా దాదాపు ఇదే తీరు. అక్కడ సత్రం లేదు, బంతి లేదు, వరస లేదు. గొంతు పెద్దది ఎవరిదో వాళ్లకు ప్లేటు ముందు దొరుకుతుంది. నోరులేని ముసలివాళ్లు బిస్కెట్లతో గడపడం నేను చూశాను.

దీనికి ఆప్‌లూ, 60 రోజుల ముందు బుకింగులూ అక్కర్లేదు. హోటల్ గుమ్మం దగ్గర ఒక పలక, సుద్దముక్క పెట్టి, వచ్చినవాళ్ల పేరూ, ఎంతమందో రాసి, వరసగా పిలిస్తే చాలు. పండగ నాలుగు రోజులు మెనూలో ఇరవై రకాలు ఎత్తేసి సంగటి, పప్పు, చిత్రాన్నం, పెరుగన్నం మాత్రం వండితే ప్లేటు త్వరగా వస్తుంది, బల్ల త్వరగా లేస్తుంది. జిల్లా యంత్రాంగం ఉత్సవాలకు వేదికలు కట్టిస్తోంది. ఆ పక్కనే సెలవు రోజుల కోసం రెండు పందిళ్లు వేయించి, చుట్టుపక్కల ఊళ్ల పొదుపు సంఘాల ఆడవాళ్లకు అప్పగిస్తే జనానికి తిండి దొరుకుతుంది, వాళ్లకు నాలుగు రూపాయలు మిగులుతాయి. కాశిరెడ్డి నాయన పొయ్యిలు వెలిగిన జిల్లాలో ఇది చేయలేని పని కాదు.

అంతవరకు, ఈ సంక్రాంతికి గండికోట వెళ్లేవాళ్లు పొద్దున జమ్మలమడుగులోనే ఉగ్గాని బజ్జీ తిని, మధ్యాహ్నానికి చిత్రాన్నం కట్టించుకుని కోటకు పోండి. కోటలో హోటల్లో కూర్చున్నవాళ్లు మజ్జిగ తాగగానే లేవండి, కబుర్లు బయట చెట్టు కింద చెప్పుకోవచ్చు.