సూదిలో ఎంత, నమ్మకంలో ఎంత?

భిలాయి సెక్టర్ 4లో మీ తాతయ్య ఉన్నారనుకోండి. ఉక్కు కర్మాగారంలో పనిచేసి రిటైరయ్యారు. మోకాళ్ల నొప్పులు, వాటికి తోడు ఉబ్బసం. ఎవరో చెబితే ఆక్యుపంక్చర్ చేయించుకున్నారు. నొప్పి తగ్గిందనీ, ఆయాసం కూడా తేలికైందనీ, ఇక ఇన్‌హేలర్ మానేస్తాననీ అంటున్నారు. మీరేమంటారు? "అంతా భ్రమ" అని కొట్టిపారేస్తారా? "సరే" అని ఊరుకుంటారా? రెండూ తొందరపాటే. కారణమేమిటో చూద్దాం.

ముందు నొప్పి సంగతి. జర్మనీకి చెందిన క్లాస్ లిండే బృందం 2007లో 'పెయిన్' పత్రికలో ఒక విశ్లేషణ ప్రచురించింది. అందులో నాలుగు ప్రయోగాల్లో పాల్గొన్న 864 మంది ఉన్నారు. వారి బాధలు రెండు రకాల తలనొప్పి, నడుంనొప్పి, మోకాళ్ల అరుగుదల. కొందరికి ఆక్యుపంక్చర్ శాస్త్రం చెప్పిన చోట్ల సూదులు గుచ్చారు. మిగిలినవారికి వేరే చోట్ల, పైపైన గుచ్చారు. వీటిని ఉత్తుత్తి సూదులందాం. చికిత్సకు ముందే ప్రతి ఒక్కరినీ ఎంత ఫలితం ఆశిస్తున్నారని అడిగారు. అందరినీ కలిపి లెక్కిస్తే, ఎక్కువ ఆశించినవారిలోనే ఎక్కువమందికి మేలు కనిపించింది.

అయితే నమ్మకమే నొప్పిని తగ్గించిందా? ఇక్కడ కాస్త ఆగాలి. ఈ పరిశోధకులు నమ్మకాన్ని కొలిచారే కాని, పంచలేదు. గతంలో ఏ చికిత్సకైనా తేలిగ్గా కోలుకున్నవారే ఇప్పుడు ఎక్కువ ఆశతో వచ్చి ఉండవచ్చు. రెండు విషయాలు కలిసి కనిపించినంత మాత్రాన ఒకటి రెండోదానికి కారణమని చెప్పలేం. ఈ విశ్లేషణలోని లోటు ఇదే.

లోటు తీరాలంటే నమ్మకాన్ని కూడా మందులాగే పంచాలి. అమెరికాలోని హ్యూస్టన్‌లో మోకాళ్ల అరుగుదల ఉన్నవారిపై అలాంటి ప్రయోగమే చేసి, 2010లో ఫలితాలు ప్రకటించారు. చీటీలు తీసినట్టు రోగులను విడదీశారు. కొందరితో చికిత్స చేసేవారు ధీమాగా మాట్లాడారు. మరికొందరితో తగ్గవచ్చు, తగ్గకపోవచ్చు అన్న ధోరణిలో మాట్లాడారు. అసలు సూదులకూ ఉత్తుత్తి సూదులకూ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ధీమా మాటలు విన్నవారికి మాత్రం నొప్పి కొంచెం ఎక్కువ తగ్గింది. తేడా చిన్నదే. కాని అది మాట వల్ల వచ్చిన తేడా. కనుక తాతయ్యకు నొప్పి తగ్గడం అబద్ధం కాదు. నొప్పికి కొలత ఆయన మాటే.

మరి ఉబ్బసం? 2011లో 'న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్'లో వచ్చిన ప్రయోగం చూడండి. ఉబ్బస రోగులకు ఒకరోజు సాల్బుటమాల్ ఇన్‌హేలర్, ఒకరోజు మందులేని ఇన్‌హేలర్, ఒకరోజు ఉత్తుత్తి ఆక్యుపంక్చర్ ఇచ్చారు. మరొకరోజు ఏమీ ఇవ్వలేదు. తమకు ఎంత మెరుగైందన్న ప్రశ్నకు రోగుల సమాధానాల సగటు వరుసగా 50, 45, 46, 21 శాతం. అంటే మొదటి మూడూ దాదాపు సమానమే!

ఇప్పుడు రెండో కొలత చూడండి. ఒక్క సెకనులో బలంగా ఊదగలిగిన గాలి పరిమాణం అసలు మందుతో 20 శాతం పెరిగింది. మిగిలిన మూడింటితో సుమారు 7 శాతమే. ఏమీ చేయకపోయినా అంతే పెరిగిందని గమనించండి. రోగికి హాయి అనిపించింది, శ్వాసనాళాలు మాత్రం తెరుచుకోలేదు.

ప్రమాదమంతా ఇక్కడే ఉంది. మోకాలి విషయంలో హాయి అనిపించడమే సగం చికిత్స. ఉబ్బసంలో అదే హాయి, ముంచుకొస్తున్న ముప్పును కప్పిపుచ్చగలదు. ఏ చికిత్స గురించి విన్నా "ఎంతమందికి తగ్గింది?" అని అడిగి ఆగిపోకండి. "తగ్గిందని దేనితో కొలిచారు?" అని కూడా అడగండి.

తాతయ్య సూదులు పెట్టించుకుంటానంటే, సూదులు శుభ్రమైనవేనా, కొత్తవేనా అని చూడండి. ఇన్‌హేలర్ మానేస్తానంటే మాత్రం ఒప్పుకోకండి. సెక్టర్ 9 ఆసుపత్రికో, దగ్గర్లోని డాక్టరు దగ్గరికో తీసుకెళ్లి, ఊపిరి బలాన్ని కొలిచే గొట్టంలో ఒకసారి ఊదించండి. దాని ముల్లుకు ఆశలూ, నమ్మకాలూ ఉండవు.