భోగి పిడకల దండ

ఉత్తరాంధ్రలో చిన్నపిల్లల నుంచి ముసలివాళ్ల దాకా ఇంటిల్లిపాదీ చేయి పెట్టే పండగ పని భోగి పిడకల దండ. ఈ పనికి పూనుకునే ధనుర్మాసం డిసెంబరు నడుమ మొదలవుతుంది, భోగి జనవరి 13న గానీ 14న గానీ వస్తుంది. పిడకలు చేసి ఎండబెట్టడానికి ఉండేది నాలుగు వారాలే.

ఆవుపేడ తాజాగా ఉండాలి. రాళ్లూ పుల్లలూ ఏరేసి మెత్తగా పిసుకుతారు. పశువు తిన్న గడ్డి పీచు అరగకుండా అందులో మిగిలే ఉంటుంది; ఎండాక పిడక విడిపోకుండా పట్టి ఉంచేది అదే. పేడ జారుగా ఉంటే కాస్త ఊక కలుపుతారు. నిమ్మకాయంత ముద్ద తీసి, చదునుగా ఒత్తి, నడుమ వేలితో బెజ్జం పెడతారు. ఎండే కొద్దీ పిడకతో పాటు బెజ్జమూ ముడుచుకుంటుంది కాబట్టి చిన్నపిల్లల వేలు కంటే పెద్దవాళ్ల వేలే నయం.

అసలు కష్టమంతా ఎండబెట్టడంలో ఉంది. మందంగా చేస్తే పైన గట్టిపడి లోపల పచ్చిగా ఉండిపోతుంది. మరీ పలచనైతే అంచులు లేచి పగులుతాయి. పార్వతీపురం లాంటి, తూర్పు కనుమల అంచున ఉన్న ఊళ్లలో ఎండ కూడా ఆలస్యమే. ధనుర్మాసంలో పొగమంచు పొద్దెక్కితే గానీ వదలదు. ఎండ వచ్చాక బయట పెట్టి, సాయంత్రం లోపలికి తెచ్చి, పైపొర ఆరాక తిరగేస్తూ ఉండాలి. కోళ్లు తొక్కకుండా కాపలా సాధారణంగా నాయనమ్మలది.

ఎండినవాటిని పురికొసకో అరటినారకో గుచ్చుతారు. ఇన్నే ఉండాలన్న నియమం ఏమీ లేదు, పిల్లల ఓపికే లెక్క.

భోగి మంట పేర్చడం పెద్దల వంతు. మధ్యలో మొద్దు నిలిపి, చుట్టూ దుంగలు వాల్చి, కింద ఎండు తాటాకులు కూరుతారు. సందులు వదలకపోతే గాలి ఆడక పొగే మిగులుతుంది. పాత టైర్లు వేసేవారూ ఉన్నారు. ఆ పొగలో పిల్లల్ని నిలబెట్టడం పండగ కాదు. భోగి తెల్లవారుజామున పిల్లలు దండ మెడలో వేసుకొని మంట చుట్టూ తిరిగి, దాన్ని అందులో వేస్తారు. తలంటుకు నీళ్లు ఆ మంట మీదే కాగుతాయి.

బడుల్లో ముందస్తు సంక్రాంతి సంబరాలు ఇప్పుడు మామూలయ్యాయి. చాలాచోట్ల కొన్న దండలే పిల్లల మెడలో పడుతున్నాయి, ఆన్‌లైన్‌లోనూ దొరుకుతున్నాయి. అలా కొన్న దండతో పిల్లలకు పని రాదు. బడులు డిసెంబరు మూడో వారంలోనే తల్లిదండ్రుల్ని పిలిచి పేడ పిసికించాలి. పిడకలు బడి డాబా మీదే ఎండుతాయి, సంబరాల నాటికి పిల్లలే వాటిని దండలుగా గుచ్చుతారు.