రఫూ పని

మల్కాజ్‌గిరి చౌరస్తాకు దగ్గర్లో ఒకప్పుడు ఒక రఫూ పనాయన కూర్చునేవారు. నాన్న ఉన్ని కోటు మీద నిప్పురవ్వ పడి రూపాయి బిళ్లంత చిల్లు పడితే నేనే ఆయన దగ్గరికి పట్టుకెళ్లాను. ఆయన ముందుగా చిల్లు వైపు చూడనే లేదు. కోటు తిరగేసి, లోపలి మడతలో మిగులు గుడ్డ ఎంతుందో చూసుకున్నారు. ఆ మడతలోంచి ఒక్కో పోగూ లాగి, పడుగు వరసన కొన్ని పోగులు పరిచి, వాటి మధ్య నుంచి పేకను ఒకటి పైనుంచీ ఒకటి కిందనుంచీ దాటించుకుంటూ పోయారు. ఈ రంగు దారం బజార్లో దొరుకుతుంది కదా అనడిగాను. "దొరుకుతుంది బాబూ, రెండు ఉతుకులకే తేలిపోతుంది" అన్నారు సూది మీంచి చూపు తిప్పకుండా. ఆ తర్వాత నాన్న ఆ కోటును చాలా చలికాలాలు తొడుక్కున్నారు. చిల్లు ఎక్కడ పడిందో తెలిసిన నాకు కూడా వెలుతురులో పట్టి చూస్తే తప్ప కనబడేది కాదు.

2018 డిసెంబరులో భారత మహిళల క్రికెట్ జట్టుకు కోచ్‌నూ కెప్టెన్లనూ ఎంచిన తీరు చూసినప్పుడు నాకు ఆయన వేళ్లు గుర్తొచ్చాయి. ఆ పనికి దక్కాల్సిన మెప్పు దక్కలేదనే బాధ నాకు ఇప్పటికీ ఉంది.

ఈ కథలో సగం మా వైపుది. ఆ కెప్టెన్లలో ఒకరైన మిథాలీ రాజ్ పుట్టింది జోధ్‌పూర్‌లో, ఇంట్లో మాట తమిళం, పెరిగింది మాత్రం సికింద్రాబాద్‌లో. ఆమె నాన్న వైమానిక దళంలో పనిచేశారు. సెయింట్ జాన్స్ కోచింగ్ ఫౌండేషన్‌లో జ్యోతి ప్రసాద్ గారు ఆ పిల్ల చేతిని గుర్తుపట్టి, కీస్ బాలికల పాఠశాలలో ఆడపిల్లలకు ఆట నేర్పుతున్న సంపత్ కుమార్ గారికి అప్పగించారు. 14 ఏళ్లకే 1997 ప్రపంచకప్ ప్రాబబుల్స్‌లో పేరు వచ్చింది. చివరి జట్టులో చోటు దక్కలేదు. శిష్యురాలు దేశానికి ఆడటం చూడకుండానే సంపత్ కుమార్ గారు రోడ్డు ప్రమాదంలో పోయారు. 1999 జూన్ 26న మిల్టన్ కీన్స్‌లో ఐర్లాండ్ మీద తొలి వన్డేలోనే మిథాలీ 114 కొట్టి నాటౌట్‌గా నిలిచింది. ఉద్యోగం దక్షిణ మధ్య రైల్వేలో. మల్కాజ్‌గిరిలో రైల్వే కుటుంబాలు ఎన్నో. అందుకే "మా డిపార్ట్‌మెంట్ అమ్మాయి" అన్న మాట నేను చాలా ఇళ్లలో విన్నాను.

ఆమె కంటే ముందు తరంలో పూర్ణిమా రావు గారు ఉన్నారు. ఆవిడ పుట్టిందే సికింద్రాబాద్‌లో. 1995లో న్యూజిలాండ్‌లో జరిగిన సెంటినరీ టోర్నీని భారత్ గెలిచింది ఆవిడ సారథ్యంలోనే. ఇరవయ్యేళ్ల తర్వాత కోచ్‌గా పూర్ణిమ, కెప్టెన్‌గా మిథాలీ ఒకే డ్రెస్సింగ్ రూమ్‌లో కూర్చున్నారు. దేశం జట్టుకు కోచ్, కెప్టెన్ ఇద్దరూ సికింద్రాబాద్ వాళ్లే! 2016 జనవరిలో ఈ జోడీ ఆస్ట్రేలియాకు వెళ్లి టీ20 సిరీస్‌ను 2-1తో గెలుచుకొచ్చింది. అంతకుముందు అక్కడ మన అమ్మాయిలు ఆ పని చేయలేదు. 2017 ఏప్రిల్‌లో, ప్రపంచకప్ రెండు నెలల్లో ఉందనగా, పూర్ణిమ గారిని తప్పించి తుషార్ అరోఠేను తెచ్చారు. ఆ మార్పు అన్యాయమని నేను అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటున్నాను. అయినా ఆ జట్టు ఫైనల్ దాకా వెళ్లింది. ఎలా వెళ్లిందో చెప్పాలంటే ఒక్క మ్యాచ్ దగ్గర ఆగాలి.

2017 జూలై 15, డెర్బీ. దక్షిణాఫ్రికా, ఆస్ట్రేలియాల చేతిలో వరసగా రెండు ఓటములు. న్యూజిలాండ్‌ను ఓడిస్తేనే సెమీస్. ఎడమచేతి స్పిన్నర్ ఏక్తా బిష్త్ అదే టోర్నీలో పాకిస్తాన్ మీద 18 పరుగులకు 5 వికెట్లు తీసింది. ఆమెను పక్కనబెట్టి, ఆ టోర్నీలో అప్పటిదాకా ఒక్క మ్యాచ్ కూడా ఆడని మరో ఎడమచేతి స్పిన్నర్ రాజేశ్వరి గైక్వాడ్‌ను దించారు. వికటిస్తే పేపర్లన్నీ కెప్టెన్ మీదే పడేవి. ముందు బ్యాటింగ్‌లో మిథాలీ 109, హర్మన్‌ప్రీత్ 60, చివర్లో వేదా కృష్ణమూర్తి 45 బంతుల్లో 70. మొత్తం 265. ఆ తర్వాత రాజేశ్వరి 15 పరుగులిచ్చి 5 వికెట్లు తీస్తే న్యూజిలాండ్ 79కే కుప్పకూలింది. అన్ని రోజులుగా బెంచీ మీద కూర్చున్న అమ్మాయి అంత పదునుగా దిగిందంటే, కూర్చున్నన్నాళ్లూ ఆమెను ఎవరో జట్టు మనిషిగానే చూసుకున్నారని అర్థం. ఆ పని స్కోరుకార్డుకు ఎక్కదు. నా లెక్కలో కెప్టెన్సీ అంటే సగం అదే. లార్డ్స్ ఫైనల్లో 9 పరుగుల తేడాతో ఓడిపోయాం, ఆ రాత్రి మా వీధిలో ఎవరికీ నిద్ర పట్టలేదు. దేశమంతా అమ్మాయిల క్రికెట్‌ను తలెత్తి చూసింది మాత్రం ఆ నెలలోనే.

ఏడాదిన్నర తిరక్కుండా చిల్లు పడింది.

2018 నవంబరు 22న ఆంటిగ్వాలో టీ20 ప్రపంచకప్ సెమీఫైనల్. ప్రత్యర్థి ఇంగ్లాండ్. అప్పటికి టీ20 కెప్టెన్ హర్మన్‌ప్రీత్ కౌర్, కోచ్ రమేశ్ పొవార్. పాకిస్తాన్, ఐర్లాండ్‌ల మీద వరసగా అర్ధసెంచరీలు కొట్టిన మిథాలీని ఆ రోజు ఆడించలేదు. జట్టు 112కే ఆలౌటై 8 వికెట్ల తేడాతో ఓడింది. తనతో వ్యవహరించిన తీరు బాధించిందని మిథాలీ బోర్డుకు రాసిన ఉత్తరం బయటికొచ్చింది. ఆమె గురించి కోచ్ ఇచ్చిన నివేదికా బయటికొచ్చింది. నవంబరు 30తో కోచ్ గడువు ముగిస్తే, ఆయన్నే కొనసాగించమని హర్మన్‌ప్రీత్, స్మృతి మంధాన బోర్డుకు రాశారు. బోర్డును నడుపుతున్న పాలకుల కమిటీలో ఉన్నదే ఇద్దరు, వినోద్ రాయ్, డయానా ఎడుల్జీ. వాళ్లకూ పొత్తు కుదరలేదు. డిసెంబరు 3న మిథాలీకి 36 నిండాయి. ఆ పుట్టినరోజు ఎలా గడిచిందో ఊహించుకోగలం.

ఇలాంటప్పుడు అందరూ అడిగేది తప్పెవరిది అనే. ఒక పక్షం ఒప్పని తేల్చితే రెండో పక్షం మూట సర్దుకుంటుంది. మూట సర్దుకునేవాళ్లలో ఎవరుంటారో చూడండి. ఇటు దేశంలోనే అత్యధిక పరుగుల బ్యాటర్, అటు ప్రపంచకప్ సెమీస్‌లో ఆస్ట్రేలియా మీద 171 కొట్టిన అమ్మాయి, ఆమె పక్కనే ఆ తరం మొత్తంలోకీ నాజూకైన ఎడమచేతి ఓపెనర్. ఏ ఒక్కరు పోయినా జట్టు బట్ట చిరుగుతుంది.

కోచ్‌ను ఎంచే పని కపిల్‌దేవ్, అన్షుమన్ గైక్వాడ్, శాంతా రంగస్వామి ముగ్గురికీ అప్పగించారు. శాంత గారు భారత మహిళల జట్టుకు తొలి టెస్టు కెప్టెన్. ఆ గదిలో ఆవిడ ఉండటం నాకు పెద్ద ఊరట అనిపించింది. డిసెంబరు 20న ఇంటర్వ్యూలు చేసి గ్యారీ కిర్‌స్టన్, డబ్ల్యూ.వి. రామన్, వెంకటేశ్ ప్రసాద్‌ల పేర్లిచ్చారు. 2011లో పురుషుల జట్టుకు ప్రపంచకప్ అందించిన కిర్‌స్టన్‌కు ఐపీఎల్ ఒప్పందం అడ్డొచ్చింది. బాధ్యత రామన్‌కు దక్కింది. చాలామంది దీన్ని రాజీ అన్నారు. నాకలా అనిపించలేదు. చెన్నై మనిషి, ఎడమచేతి బ్యాటర్, 11 టెస్టులు ఆడారు. దక్షిణాఫ్రికా గడ్డమీద వన్డే సెంచరీ కొట్టిన తొలి భారతీయుడు, 1992లో. ఆ తర్వాత తమిళనాడు, బెంగాల్ రంజీ జట్లకు కోచ్‌గా, బెంగళూరు అకాడమీలో బ్యాటింగ్ గురువుగా ఏళ్ల తరబడి చప్పుడు లేకుండా పనిచేశారు. ఇటు మిథాలీకీ అటు హర్మన్‌ప్రీత్‌కూ ఆయన బాకీ లేరు. ఎవరి ఉత్తరంలోనూ ఆయన పేరు లేదు. సూది బయటినుంచి రావడం మంచిదే.

ఇక దారం. హేమలతా కలా ఆధ్వర్యంలోని సెలెక్టర్లు న్యూజిలాండ్ పర్యటనకు వన్డే కెప్టెన్‌గా మిథాలీనీ, టీ20 కెప్టెన్‌గా హర్మన్‌ప్రీత్‌నూ ఉన్నచోటే ఉంచారు. టీ20 జట్టులోనూ మిథాలీ పేరు రాశారు. కొత్త కోచ్ వచ్చాడు కదా, కొత్త కెప్టెన్‌తో మొదలుపెడదాం అనే ఉబలాటానికి వాళ్లు లొంగలేదు. చిల్లు పూడ్చడానికి అదే బట్టలోంచి పోగులు లాగారు.

కెప్టెన్ ఎంపిక వికటిస్తే ఏమవుతుందో తెలుగువాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. 1932లో తొలి టెస్టు పర్యటనకు పోరుబందరు మహారాజును కెప్టెన్‌గా, లింబ్డీ రాజకుమారుణ్ణి వైస్ కెప్టెన్‌గా పంపారు. ఇద్దరూ తప్పుకుని లార్డ్స్‌లో పగ్గాలు మన కొఠారి కనకయ్య నాయుడి చేతికిచ్చారు. పోరుబందరు మహారాజు ఆట గురించి ఎవరేమన్నా, పక్కకు జరగడం తెలిసిన మనిషిగా నేనాయనకు దణ్ణం పెడతాను. నాలుగేళ్లు తిరిగాయో లేదో, 1936లో ఇంగ్లాండ్‌కు జట్టును తీసుకెళ్లింది విజయనగరం రాజకుమారుడు విజ్జీ. అదే జట్టులో నాయుడు ఉండగానే! మూడు టెస్టుల్లో కలిపి విజ్జీ చేసినవి 33 పరుగులు. అప్పటికి జట్టులోకెల్లా ఊపుమీదున్న లాలా అమర్‌నాథ్‌ను మొదటి టెస్టైనా మొదలవకముందే ఓడెక్కించి ఇంటికి పంపేశారు. సిరీస్ 2-0తో పోయింది. నాయుడూ తెలుగువాడే, విజ్జీదీ తెలుగు సంస్థానమే. మా గల్లీలో బ్యాటు ఎవరిదైతే వాడే కెప్టెన్. విజ్జీ కథ మొదటిసారి చదివినప్పుడు నాకు ఆ గల్లీయే గుర్తొచ్చింది.

రఫూ నిలిచిందో లేదో న్యూజిలాండ్‌లో తేలింది. నేపియర్‌లో మొదటి వన్డేను స్మృతి 105తో, జెమీమా 81తో గెలిపించారు. 2019 జనవరి 29న మౌంట్ మాంగనూయిలో రెండోది. న్యూజిలాండ్ 161కి ఆలౌట్. చిన్న లక్ష్యమే, కానీ 15 పరుగులకే రెండు వికెట్లు పోయాయి. అప్పుడు క్రీజులోకి మిథాలీ వచ్చింది, అవతలి కొసన స్మృతి. రెండు నెలల కింద ఒకరి ఉత్తరం ఒకవైపు, మరొకరి ఉత్తరం ఇంకోవైపు వెళ్లిన మనుషులు. ఇద్దరూ చివరిదాకా నిలబడి మ్యాచ్ ముగించారు. స్మృతి 82 బంతుల్లో 90, మిథాలీ 111 బంతుల్లో 63.

ఆ 111 బంతుల మీద వెక్కిరింతలు చాలా వచ్చాయి. నిదానం, పాతకాలం అన్నారు. ఆ ఇన్నింగ్స్‌ను నేను రెండుసార్లు చూశాను. బంతి కళ్ల కిందికి వచ్చేదాకా ఆగి, మెత్తటి చేతులతో కాళ్ల దగ్గర చంపి, ఒక్క పరుగు తీసి అవతలికి వెళ్లడం. ఆ ఒక్క పరుగు చాలాసార్లు స్మృతికి బ్యాటింగ్ ఇవ్వడానికే. కుర్రది ఊపులో ఉందని తెలిసి, ఆ ఊపుకు అడ్డు రాకుండా ఇవతలి కొసను భద్రంగా పట్టుకోవడం. 36 ఏళ్ల వయసులో, అంత రచ్చ జరిగాక, ఆ చేతుల్లో కోపం లేదు. 162 కొట్టాల్సిన మ్యాచ్‌లో ఇంతకన్నా వేగం ఎవరికి కావాలి? ఆ రోజుతో సిరీస్ మనదైంది. మూడో వన్డే ఆమెకు 200వది, మహిళల్లో అన్ని వన్డేలు ఆడింది ఆమే మొదలు. అందులో ఓడిపోయాం.

టీ20ల్లో 3-0తో ఓడాం. అతుకు అన్నిచోట్లా ఒకేలా కుదరలేదు. అదే ఏడాది సెప్టెంబరులో మిథాలీ టీ20ల నుంచి తప్పుకుంది. అయినా రామన్ కోచ్‌గా, హర్మన్‌ప్రీత్ కెప్టెన్‌గా 2020 మార్చి 8న మెల్‌బోర్న్‌లో టీ20 ప్రపంచకప్ ఫైనల్ ఆడారు. 86,174 మంది వచ్చారు చూడటానికి. ఓడినా, చినిగిపోయిందనుకున్న జట్టు ఏడాదీ మూడు నెలలకు అక్కడ నిలబడి ఉంది.

2021లో మళ్లీ కోచ్ పదవికి దరఖాస్తులు పిలిచారు. మదన్‌లాల్, ఆర్.పి. సింగ్, సులక్షణా నాయక్‌ల కమిటీ రామన్‌ను కాదని రమేశ్ పొవార్‌నే ఎంచింది. రామన్‌ను ఎందుకు తప్పించాలో నాకు అంతుపట్టలేదు. వన్డే, టెస్టు కెప్టెన్ మిథాలీయే. ఇంగ్లాండ్ విమానం ఎక్కేముందు, గడిచింది గడిచింది, ముందున్న పని చూసుకోవాలి అనే అర్థం వచ్చేలా ఆమె విలేకరులకు చెప్పింది. అలాంటి మాట ఎవరైనా అంటారు. నిలబెట్టుకున్నారా లేదా అన్నదే చూడాలి. మూడు వన్డేల్లో ఆమె స్కోర్లు 72, 59, 75 నాటౌట్.

చివరిది జూలై 3న వోర్స్టర్‌లో. రెండు ఓడి వన్డే సిరీస్ చేజారిపోయింది. వానతో ఆట 47 ఓవర్లకు కుదించారు. లక్ష్యం 220. మల్కాజ్‌గిరిలో రాత్రి బాగా పొద్దుపోయింది. స్టేషన్ వైపు గూడ్సు బండి వెళ్తుంటే కిటికీ అద్దం సన్నగా అదురుతోంది. ఒక్కొక్కరూ అవుటైపోతుంటే ఆమె మాత్రం అదే పద్ధతిలో, ఒక్కటి తీసి అవతలికి, మళ్లీ ఒక్కటి తీసి ఇవతలికి. మధ్యలో షార్లెట్ ఎడ్వర్డ్స్‌ను దాటి మహిళల క్రికెట్లో అందరికన్నా ఎక్కువ పరుగులు చేసిన మనిషి అయింది. స్నేహ్ రాణా వచ్చి ధాటిగా 24 కొట్టి వెళ్లింది. ఆఖరి ఓవర్ వచ్చేసరికి నేను కుర్చీలోంచి లేచి టీవీ ముందు నిలబడ్డాను. పక్కగదిలోంచి అమ్మ "అయిపోయిందా?" అనడిగింది. మూడు బంతులు మిగిలుండగా అయిపోయిందమ్మా అన్నాను. మిథాలీ ఇంకా ఆడుతూనే ఉందా అని అమ్మ అడిగింది.