గోడ వెనుకనున్న పేరు

సెల్‌ఫోను ఆటలలో “ఈస్టరు గ్రుడ్డు” దొరికినదని పిల్లలు చెప్పుకొనగా విని, పండుగ పేరును ఇట్లు వాడుదురా అని నొచ్చుకొను పెద్దలుండవచ్చును. నొచ్చుకొన నక్కరలేదు. పాశ్చాత్య దేశములలో ఆ పండుగకు రంగులద్దిన గ్రుడ్లను తోటలో దాచి పిల్లలచేత వెదకించుదురు. ఆటను చేసినవాడు అందులో రహస్యముగా దాచిన దానికి ఆ పేరు అచ్చటనుండి వచ్చినది. అట్లు పిలిచినవాడు అమెరికాలోని అటారీ కంపెనీ అధికారి స్టీవ్ రైట్. ఏ ఆటను చూచి పిలిచెనో దానిని గూర్చియే నేను వ్రాయుచున్నాను.

దాని పేరు అడ్వెంచర్. వారెన్ రాబినెట్ అనునతడు ఒక్కడే దానిని చేసెను. 1980లో అది అమ్మకమునకు వచ్చెను. టెలివిజను తెరమీద చిన్న చతురస్రమే ఆటగాడు. మూడు కోటలు, మూడు ఘటసర్పములు (చూచుటకు మాత్రము బాతులవలె నుండును), ఒక పాత్ర. ఆ పాత్రను వెదకి పసుపుపచ్చ కోటకు చేర్చినచో ఆట ముగియును. ఇదంతయు 4,096 బైట్లలో ఇమిడెను. నేటి ఫోనులో ఒక ఫోటో పట్టు చోటులో అది వందవ వంతైనను కాదు.

ఆ దినములలో అటారీవారు ఆటలమీద చేసినవారి పేర్లు వేయనిచ్చువారు కారు. మన ఊళ్లలోని పాత దేవాలయముల రాతి పలకలమీద పునాది వేసిన దొరగారి పేరుండును, చందాలిచ్చినవారి పేర్లుండును. గోడలు లేపిన తాపీమేస్త్రీ పేరును నేనింతవరకు చూడలేదు. రాబినెట్ అట్టి మేస్త్రీయే. నల్ల కోటలోని చీకటి దారులలో, నాలుగు ప్రక్కల మూసిన గదిలో, నేల రంగులోనే యున్న ఒక చుక్కను అతడు పెట్టెను. దేనికిని పనికిరానిదిగా తోచు ఆ చుక్కను ఓపికతో మోసికొనివచ్చి, మరి కొన్ని వస్తువులతోకూడ ఒకానొక గదిలో ఉంచినచో, గోడ మిణుకుమిణుకుమనును; దానిలోనుండి దూరిపోవచ్చును. ఆవల, రంగులు మారుచున్న అక్షరములతో, దీనిని చేసినవాడు తానేయని వ్రాసియుండెను. ఈ సంగతి కంపెనీలో ఎవరికిని చెప్పక అతడు ఉద్యోగము విడిచి పోయెను. ఒక బాలుడు కనుగొని ఉత్తరము వ్రాయగా గాని కంపెనీవారికి తెలియలేదు.

యజమానుని సొత్తులో అతడెరుగకుండ ఏదైనను ఉంచుట తప్పేయని కొందరందురు. అది కాదనలేను. అయినను నా మనస్సు మేస్త్రీ పక్షమే. 1979లోనే అటారీనుండి నలుగురు బయటికి వచ్చి ఆక్టివిజన్ అను కంపెనీని స్థాపించి, చేసినవారి పేర్లను బాహాటముగా అచ్చువేసిరి. ఆ మర్యాద మొదటనే దొరికియుంటే ఈ చీకటి గది అవసరమే లేకపోయెడిది.

1980లలో అమెరికాలో పాటల రికార్డులను వెనుకకు త్రిప్పి, సైతాను మాటలు వింటిమని బోధకులును భయపడిరి. అందులో చాలవరకు ఎవరేమి తలంచుకొని విందురో అదే వినబడెను. రాబినెట్ పేరు అట్టిది కాదు. ఎవరు చూచినను అవే అక్షరములు. నేడు కంపెనీలే ప్రచారమునకై ఇట్టివి పెట్టించుచున్నవి. వెదకుటకు సరదాగానే యుండును గాని, దాచుటకు కారణమేదియు వాటిలో నాకు కనబడదు.

ఆ గదిలో బహుమానమేమియు లేదు. పేరు చదివి, వచ్చిన దారినే మరలిపోవలెను. పాత్ర ఇంకను కోటకు చేరలేదు.